పెద్ద బిళ్ళ, చిన్న బిళ్ళ

మామిడి పూత వాసన తగిలితే ఎవరికి ఏం గుర్తొస్తుందో గానీ, నాకు మాత్రం దాహం గుర్తొస్తుంది. నాలుక అంగిట్లో అతుక్కుపోయి, గుక్కెడు నీళ్ళ కోసం అమ్మ వెనకాల తిరిగిన దాహం. 1985లో, ఇరవై రెండేళ్ళ బాలింతగా, నూజివీడు దగ్గర మా పుట్టింటి తోటలో పడిన జబ్బు గురించి ఇన్నేళ్ళలో ఎవరికీ వరసగా చెప్పలేదు. అది చెప్పుకునే జబ్బు కాదని అమ్మ అనేది. సగం కష్టం ఆ మాట వల్లే వచ్చింది కాబట్టి ఇప్పుడు చెప్పేస్తున్నాను.

ఈమధ్య మా వీధిలో ఒక అమ్మాయి కుర్చీలో కూర్చుని రెండు కాళ్ళూ ఆపకుండా ఊపుతోంది. వాళ్ళత్తగారు "కాసేపు కుదురుగా కూర్చోలేవా?" అని గదమాయించింది. నేను పక్కకి పిలిచి, ఏం మందులు వాడుతున్నావమ్మా అని అడిగాను. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు తెచ్చుకుంది. అందుకే ఇది రాస్తున్నాను.

మాది ఆగిరిపల్లి దాటి నూజివీడు వెళ్ళే దారిలో చిన్న ఊరు. ఊళ్ళో ఇల్లుంది గానీ, పూత మొదలైన దగ్గర్నుంచి కోత అయ్యేదాకా మా కాపురం నాలుగెకరాల తోటలోనే. రెండు గదుల పెంకుటిల్లు, ముందు తాటాకు పందిరి, పక్కన కాయ మాగబెట్టే కొట్టం. చిన్నరసాలు ఎక్కువ, బంగినపల్లి కొన్ని, గట్టు పొడుగునా కలెక్టరు మామిడి చెట్లు. నాన్న పెద్దగా చదువుకోలేదు. ఆయన చదువంతా నాలుక మీదే ఉండేది. కోత మొదలుపెట్టే ముందు ప్రతి చెట్టు నుంచీ ఒక కాయ కోయించి, వరిగడ్డిలో మాగబెట్టి, రుచి చూసేవాడు. పులుపు విరగని చెట్టు జోలికి ఇంకో వారం ఎవర్నీ పోనిచ్చేవాడు కాదు. "నేను తినని కాయ నా గేటు దాటదు" అనేవాడు. నూట పాతిక చెట్లున్న మనిషి నూట పాతిక పళ్ళు తింటాడా అని బేరగాళ్ళు నవ్వుకునేవాళ్ళు. తినేవాడు. ఆ వారం రోజులూ అన్నం సరిగ్గా ముట్టడని అమ్మ సణిగేది.

నన్ను ఇచ్చింది గుడివాడ వైపు, వరి పొలాల ఊరికి. మా ఆయన అక్కడి సొసైటీలో గుమాస్తా. తొలికాన్పు పుట్టింట్లో కాబట్టి ఏడో నెలలో వచ్చాను. ఫిబ్రవరి మొదట్లో, తోటంతా పూతతో ఉన్నప్పుడు, ఆడపిల్ల పుట్టింది. కాన్పు సుళువుగానే అయింది. మంత్రసాని చేతిలో చీర పెడుతూ అమ్మ "గండం గట్టెక్కింది" అంది. తొందరపడింది.

పదో రోజు నుంచి నాకు నిద్ర పోయింది. తర్వాత బుద్ధి కూడా పోయింది. పిల్లని ఎవరో మార్చేశారని, పూత వాసనలో ఏదో కలిపి మా మీదకి వదులుతున్నారని నాకు తెలిసిపోయింది. అనుమానం కాదు, పొద్దు తూర్పున పొడుస్తుందన్నంత ఖాయంగా తెలుసు. తలుపులన్నీ వేసేసేదాన్ని. పిల్లని చూస్తే ఏడ్చేదాన్ని. ఆ రోజుల గురించి ఇంతకంటే రాయను, గుర్తులేక కాదు. ఊళ్ళో వాళ్ళు ఎవరెవరి దగ్గరికో తీసుకెళ్ళమన్నారు. నాన్న మాత్రం బస్సెక్కించి బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ పన్నెండు రోజులున్నాను. నా కూతురి బారసాల నేను లేకుండానే జరిగింది. లలిత అని పేరు పెట్టామని మా ఆయన ఆసుపత్రి వరండాలో నిలబడి చెప్పాడు. నాకది ఎవరి పేరో అర్థం కాలేదు.

మందులు పనిచేశాయి. ఇది మొదటే చెప్పాలి, ఎందుకంటే తర్వాత చెప్పేదంతా ఆ మందుల మీద ఫిర్యాదులా వినిపిస్తుంది. మార్చి మొదటివారానికి నా బుద్ధి నాకు తిరిగొచ్చింది. పిల్ల నాదేనని తెలిసింది. దాని చెవి వెనకాల మా ఆయనకున్నట్టే చిన్న మచ్చ ఉంది. ఆ మచ్చ చూసి ఒక పూటంతా ఏడ్చాను. ఇది మామూలు ఏడుపే. ఇంటికి పంపేటప్పుడు కాంపౌండరు రెండు పొట్లాలిచ్చి "పెద్ద బిళ్ళ రెండు పూటలా, చిన్న బిళ్ళ రెండు పూటలా. తల్లిపాలు వద్దు" అన్నాడు. ఏది దేనికో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. వెనకాల వరండా నిండా జనం ఉన్నారు.

తోటకి వచ్చేసరికి పూత రాలి పిందెలు కట్టాయి. అమ్మ నాకు అసలైన బాలింతకాలం అప్పుడు మొదలుపెట్టింది. చెవుల్లో దూది, తలకి గుడ్డ, వెల్లుల్లి కారం, వేడన్నం. నీళ్ళు మాత్రం కొలిచి పోసేది. పొద్దున ఒక గ్లాసు, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి, అవీ కాచి చల్లార్చినవి. బాలింత ఎక్కువ నీళ్ళు తాగితే ఒళ్ళు నీరు పడుతుందని, పొట్ట జారుతుందని ఆ రోజుల్లో పెద్దవాళ్ళందరి నమ్మకం. అమ్మకి వాళ్ళమ్మ, వాళ్ళమ్మకి ఇంకో అమ్మ అలాగే చేశారు.

నాకేమో నోరు ఎండిపోయేది. మాట్లాడుతుంటే పెదాలు పళ్ళకి అంటుకునేవి. ఒకరోజు పశువుల తొట్టి దగ్గర దోసిలి పట్టి తాగుతూ అమ్మకి దొరికిపోయాను.

"ఏంటే ఇది! నీకేమన్నా పిచ్చా?" అని, అన్నాక నాలుక కరుచుకుంది.

అమ్మ తెలివైనది. ఏ మందు వేసుకున్నాక నోరెండుతోందో రెండ్రోజులు కనిపెట్టి చూసింది. చిన్న బిళ్ళ వేసుకున్న గంటకే నేను నీళ్ళడుగుతున్నానని పట్టుకుంది. "ఇది వేడి చేస్తోందే. నీకు బుద్ధి కుదిర్చింది ఆ పెద్ద బిళ్ళ. ఈ చిన్నది ఏదో విటమిన్ అయ్యుంటుంది" అని, చిన్న బిళ్ళల పొట్లం తీసి ఉప్పు జాడీ వెనకాల పెట్టేసింది. నాన్నకి చెప్పలేదు. ఆడవాళ్ళ పథ్యం మగవాళ్ళకి చెప్పేదేంటి? నాలుగు రోజుల్లో నా నోట్లో తడి వచ్చింది. "చూశావా!" అంది అమ్మ. నేనూ సంతోషించాను.

అయిదో రోజు మధ్యాహ్నం అన్నం తింటుంటే మెడ దానంతటదే ఎడమ పక్కకి తిరగడం మొదలుపెట్టింది. చేత్తో పట్టుకుని లాగినా రాదు. కళ్ళు పైకి వెళ్ళిపోయాయి, దవడ బిగిసింది. లోపల నేను నేనుగానే ఉన్నాను, అన్నీ తెలుస్తున్నాయి, అమ్మ పెట్టిన కేక వినపడుతోంది. నోరు తెరిచి "నాకేం కాలేదు" అని చెప్పలేకపోయాను. అంత భయం మళ్ళీ నా జన్మలో పడలేదు. అమ్మ ధనుర్వాతం అనుకుంది. తోటలో పనిచేసే మంగమ్మ గాలి సోకిందని ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది. నాన్న బండి కట్టించి నూజివీడు తీసుకెళ్ళాడు.

నూజివీడులో ఒక ప్రైవేటు డాక్టరు చూసి వెంటనే సూది మందు ఇచ్చాడు. అరగంటలో మెడ వదులైంది. ఆయన చేతులు కడుక్కుంటూ అడిగాడు, "ఈ అమ్మాయి ఏమన్నా మందులు వాడుతోందా?"

నాన్న బయట బండి దగ్గర ఉన్నాడు. అమ్మ చుట్టూ చూసింది. బల్లమీద మా ఊరి ఆవిడ ఒకామె కూర్చుని ఉంది. "పురిటి మందులేనండీ" అంది అమ్మ.

ఆ ఒక్క ప్రశ్నకి నిజం చెప్పి ఉంటే నా కథ అక్కడితో అయిపోయేది. అమ్మ మీద నాకు కోపం లేదని రాస్తే బాగుంటుంది గానీ, చాలా ఏళ్ళు ఉండేది. మెడ తిరిగినందుకు కాదు, ఆ బల్లమీద ఆవిడకి నాకంటే ఎక్కువ భయపడినందుకు. ఇంటికొచ్చాక మంగమ్మ, తను తీసిన దిష్టి వల్లే తగ్గిందని అందరికీ చెప్పుకుంది. కాదనడానికి మా దగ్గర ఏముంది?

ఏప్రిల్ వచ్చింది, కాయ ఊరుతోంది. అప్పుడు నాకు కాళ్ళ జబ్బు మొదలైంది. జబ్బని మొదట ఎవరూ అనుకోలేదు. మంచం దిగని పిల్ల లేచి తోటంతా తిరుగుతుంటే అమ్మ మొహం వెలిగిపోయింది. "పిల్ల హుషారయిందండీ" అని నాన్నకి చెప్పింది. నాన్న ఒక పాత డబ్బా, కర్ర ఇచ్చి, ఎలాగూ తిరుగుతున్నావు కదా, చిలకల్ని తోలమన్నాడు. చెట్టు నుంచి చెట్టుకి డబ్బా కొట్టుకుంటూ తిరిగేదాన్ని. ఆ ఏడు మా తోటలో చిలక కొట్టిన కాయ ఒక్కటి లేదు. ఇంత మంచి కాపలా మనిషి ఎక్కడా దొరకదని నాన్న నవ్వాడు, నేనూ నవ్వాను. ఆ ఏప్రిల్ ఎండ, కాళ్ళకింద ఎండాకు చప్పుడు, పచ్చికాయ తుంచితే చేతికి అంటుకునే సొన వాసన, డబ్బా మోతకి గుంపుగా లేచే చిలకలు. తలుచుకుంటే ఇప్పటికీ ఎంత ఇష్టంగా ఉంటుందో! అంత బాధ పడిన చోటు మీద ఇంత ఇష్టమేంటని నన్ను నేనే తిట్టుకుంటాను.

అది హుషారు కాదు. కూర్చోలేకపోవడం. నొప్పి కాదు, దురద కాదు, తిమ్మిరి కాదు. లేవమని లోపల్నుంచి ఎవరో తరుముతున్నట్టుండేది. లేస్తే నడవమని, నడిస్తే తిరగమని, పడుకుంటే మళ్ళీ లేవమని. కాలుగాలిన పిల్లి అంటారే, అదే నేను. పిల్లని ఒళ్ళో వేసుకుంటే నూరు లెక్కపెట్టేలోపు కాళ్ళు కదిలిపోయేవి. దాన్ని కింద పెట్టేసి పందిరి చుట్టూ నాలుగు తిరుగుళ్ళు తిరిగి మళ్ళీ వచ్చేదాన్ని. ఉగ్గుగిన్నెతో పాలు పడుతూ మధ్యలో లేచిపోతే పాలు దాని చెవిలోకి కారేవి. అమ్మ గిన్నె లాక్కుని "నీకు పిల్లంటే ఇష్టం లేదే" అంది. కూర్చోలేకపోతున్నానమ్మా అన్నాను. ఎందుకు కూర్చోలేవు అంది. అప్పటికే మళ్ళీ లేచి తిరుగుతున్నాను.

ఒక్క మంగమ్మ మాత్రం వేరేలా చూసింది. చంటిదానికి రోజూ నీళ్ళు పోసేది ఆమే. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, ఆ కాళ్ళ మీద పిల్లని బోర్లా వేసుకుని నలుగు పెడుతూ, చుట్టూ తిరుగుతున్న నన్ను చూసి అమ్మతో అంది.

"అమ్మాయిగారు పిల్లని వదిలి పోవట్లేదండమ్మా. పిల్ల చుట్టూనే తిరుగుతోంది. చూడండి, గేటు దాకా ఒక్కసారన్నా పోయిందా?"

అమ్మ పట్టించుకోలేదు. నేను మాత్రం ఆ మాట మనసులో దాచుకున్నాను.

ఏప్రిల్ నెలాఖరుకి అత్తయ్యగారు మా ఆయన్ని వెంటబెట్టుకుని మనవరాల్ని చూడ్డానికి వచ్చారు. ఆవిడ చెడ్డమనిషి కాదు, ఉన్నమాట మొహం మీదే అనే మనిషి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నన్నే చూశారు. నేను పిల్లని ఎన్నిసార్లు ఎత్తుకుని ఎన్నిసార్లు దించానో ఆవిడ దగ్గర లెక్క ఉంది. వెళ్ళేముందు నాన్నతో అన్నారు.

"అన్నయ్యగారూ, ఏమీ అనుకోకండి. ఆనవాయితీ ప్రకారం అయిదో నెలలో తల్లినీ పిల్లనీ తీసుకెళ్ళాలి. పిల్లని తీసుకెళ్తాను. సుగుణని మీ దగ్గరే ఉండనివ్వండి. కుదురు వచ్చాక చూద్దాం."

"తల్లిని వదిలి పిల్లనా అమ్మా?" అన్నాడు నాన్న.

"పది నిమిషాలు ఒళ్ళో పెట్టుకోలేని తల్లి దగ్గర చంటిదాన్ని ఎలా వదలనండీ? ఏ నూతి దగ్గరో దింపేసి వెళ్ళిపోతే?"

అందులో అన్యాయమేమీ లేదు. నేను ఆవిడైతే అదే అనేదాన్ని. మా ఆయన తల వంచుకుని చెప్పులు తొడుక్కున్నాడు. జూన్ మూడోవారం వస్తామని చెప్పి వెళ్ళారు.

మర్నాడే అమ్మా నేనూ బెజవాడ వెళ్ళాం. ఆసుపత్రి వరండాలో బల్లమీద కూర్చోలేక నేను స్తంభాల మధ్య తిరుగుతుంటే, వాచ్‌మన్ ఒకాయన ఏమీ అడక్కుండా జనాన్ని కాస్త జరిపి నడిచేందుకు దారి ఇచ్చాడు. ఆ సాయం నేను మర్చిపోలేదు. డాక్టరు గారు ఒక్కొక్కరికి ఇచ్చేది నాలుగు నిమిషాలు. "ఎలా ఉందమ్మా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు అమ్మ చెప్పేసింది. "కుదురు లేదండీ. పిల్లని దగ్గరికి తీసుకోదు. ఒకటే తిరుగుడు." కాళ్ళు ఆగట్లేదండీ అని నేను గొణిగాను. ఆయన చీటీ మీద పెద్ద బిళ్ళ ఒకటిన్నర చేశాడు.

మతి తప్పి వచ్చిన మనిషి తన ఒంటి గురించి చెప్పినా ఎవరూ వినరు. ఏం చెప్పినా ఆ మతిలోంచే వచ్చిందనుకుంటారు. ఈ అనుభవం లేనివాళ్ళకి ఆ గొంతు నొక్కుడు ఎలా ఉంటుందో తెలియదు.

మేలో నా మొహం బిగుసుకుపోయింది. నవ్వాలనుకున్నప్పుడు నవ్వు రాదు. చేతులు వణికేవి. ఒళ్ళు బరువు, కాళ్ళు మాత్రం తరుముతూనే ఉండేవి. పిల్ల నన్ను చూసి బోసినవ్వు నవ్వేది. నేను తిరిగి నవ్వలేక నిలబడితే కాసేపటికి మొహం తిప్పుకునేది. ఆ ఒక్కటీ ఓర్చుకోలేకపోయాను. బిళ్ళలు నాలుక కింద పెట్టుకుని, అమ్మ అటు తిరగ్గానే ఉమ్మేసి, కొట్టంలో మాగే కాయల గడ్డిలో దాచడం మొదలుపెట్టాను. రెండు రోజుల బిళ్ళలు దాచాను. మానేస్తే ఆ పిచ్చి మళ్ళీ వస్తుందేమోనని భయం, మింగితే పిల్లకి తల్లిని కాలేనన్న దిగులు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

దాచడానికి చోటెంచుకోవడంలో నా తెలివి తెల్లారినట్టే ఉంది. అవి నాన్న రుచి చూసే రోజులు. మూడోనాడు పొద్దున్నే గడ్డి తీసి పండు కోసం వెతుకుతున్న ఆయన చేతికి బిళ్ళలు తగిలాయి. నాలుగు నిండు బిళ్ళలు, నాలుగు సగాలు.

నాన్న నన్ను ఎప్పుడూ కొట్టలేదు. ఆ రోజు కొడతాడనుకున్నాను. బిళ్ళలు అరచేతిలో పెట్టి చూపించి "ఏంటమ్మా ఇది?" అన్నాడు. "మళ్ళీ ఆ రోజులు తెచ్చుకుంటావా?"

"అవి మింగితే ఈ కాళ్ళు నావి కావు నాన్నా. ఎవరికి చెప్పినా నమ్మట్లేదు. తోటలో ప్రతి కాయా రుచి చూస్తావు కదా. ఇదొక్కటి చూడు."

కోపంతో అన్న మాట. అని, డబ్బా తీసుకుని చిలకల్ని తోలడానికి వెళ్ళిపోయాను.

మర్నాడు బంగినపల్లి కోత. కాయ కోసే చిక్కాల గెడలతో మనుషులు చెట్ల మీద ఉన్నారు. పందిరి కింద కాయని పరిమాణం చూసి వేరుచేసే పని నాన్నది. ముక్కాలి పీట మీద కూర్చుంటే పొద్దుగుంకేదాకా లేవని మనిషి. ఆ రోజు పదిగంటలకి లేచాడు. కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. కాయ ఏ గంపలో వెయ్యాలో తడబడ్డాడు. పన్నెండయ్యేసరికి చెట్ల మధ్య నడుస్తున్నాడు. మంగమ్మ గంప దింపి "బాబుగారికేంటి, అమ్మాయిగారి నడక పట్టింది?" అంది.

నేను పరుగెత్తి వెళ్ళాను. ఆయన ఆగలేదు, ఆగలేకపోయాడు. నేను పక్కన నడిచాను. గట్టు చివరి దాకా, అక్కడ్నుంచి నూతి దాకా, మళ్ళీ వెనక్కి. చెమటలు కారుతున్నాయి ఆయనకి.

"ఎన్ని మింగావు నాన్నా?"

"ఒకటే. పొద్దున చద్దన్నంలో." కాసేపు నడిచాక అడిగాడు, "ఇదేనా అమ్మా?"

"ఇదే."

"ఒక్క బిళ్ళకే ఇట్లా ఉందే. రోజూనా?"

"రోజూ నాన్నా."

ఆయన కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏడుస్తూ నడిచాడు. నాకు జబ్బు చేసిన రోజు కూడా నాన్న ఏడవడం నేను చూడలేదు. నాకేమో ఆ మండుటెండలో, రెండు నెలల తర్వాత మొదటిసారి, హాయిగా అనిపించింది. ఆయన బాధపడుతుంటే హాయేంటని అడిగితే ఏం చెప్పను? నన్ను నమ్మిన మనిషి ఒకడు నా పక్కన నడుస్తున్నాడు.

మర్నాడు కోత మానేసి ముగ్గురం బెజవాడ వెళ్ళాం. పండిన కాయని చెట్టు మీద వదిలి నాన్న తోట బయటికి రావడం నాకు తెలిసి అదొక్కసారే. డాక్టరు గారి ముందు కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పాడు.

"అయ్యా, నేను తినని కాయ నా గేటు దాటనివ్వను. నా కూతురు రెండు నెలలుగా తింటున్నదాన్ని మాత్రం రుచి చూడలేదు. నిన్న చూశాను. ఈ పిల్ల చెప్పేది నిజమండీ. అది పిచ్చి తిరుగుడు కాదు."

డాక్టరు గారు కలం కింద పెట్టేశాడు. "మీరు మింగారా? ఎంత ప్రమాదమో తెలుసా? మీ వయసుకి ఏదన్నా అయితే?" అని పెద్దగా కేకలేశాడు. నాన్న తలొంచుకుని తిట్లన్నీ తిన్నాడు. కేకలు అయిపోయాక ఆయన నా వైపు తిరిగి, మొదటిసారి నన్నే అడిగాడు. "చెప్పమ్మా. ఏమవుతోంది?"

చెప్పాను. నాలుగు నిమిషాలు దాటింది, పది దాటింది, ఆయన వింటూనే ఉన్నాడు. మెడ తిరిగిన రోజు దగ్గరికి వచ్చేసరికి ఆపి, "మరి చిన్న బిళ్ళ వేసుకుంటున్నావు కదా?" అన్నాడు.

నేనూ నాన్నా అమ్మ వైపు చూశాం. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "బాలింత కదండీ. నీళ్ళు ఎక్కువ తాగుతోందని నేనే మానిపించాను. నూజివీడు డాక్టరుకి కూడా నేనే చెప్పలేదు. నలుగురికీ తెలుస్తుందని."

ఆయన అమ్మని ఒక్కమాట అనలేదు. "తప్పు మాదీ ఉందమ్మా. దేనికిస్తున్నామో చెప్పకుండా ఇచ్చాం" అన్నాడు. తర్వాత నాన్నకి అర్థమయ్యేలా చెప్పాడు. పెద్ద బిళ్ళ మతిని కాస్తుంది, కానీ ఒళ్ళు బిగిస్తుంది. అలా బిగించకుండా చూసేది చిన్న బిళ్ళ. "అవి జోడెద్దులండీ. ఒకదాన్ని విప్పేస్తే బండి పక్కకే పోతుంది." పెద్ద బిళ్ళ అరకి తగ్గించి, చిన్నది మళ్ళీ మొదలుపెట్టి, కాళ్ళ తొందరకి ఇంకో మందు కొన్నాళ్ళకి రాశాడు. నోరెండుతుంది, నీళ్ళు తాగనివ్వండి అన్నాడు.

"ఎన్ని గ్లాసులండీ?" అంది అమ్మ.

"బిందెడు."

ఆ సాయంత్రం తోటకి వచ్చాక అమ్మ కొత్త కుండ కడిగి, నీళ్ళు నింపి, నా మంచం పక్కన పెట్టింది. పైన చెంబు బోర్లించింది. నేను వరసగా రెండు చెంబులు తాగాను. ఆవిడ గుమ్మంలో నిలబడి, నాకేదో అవుతుందని భయపడుతూనే, తాగనిచ్చింది.

తగ్గడం ఒక్కరోజులో కాలేదు. వారానికి మొహం వదులైంది. మరో వారానికి చేతులు నిలిచాయి. కాళ్ళు చివర. ఒకరోజు ఉగ్గుగిన్నె ఖాళీ అయ్యేదాకా కూర్చున్నానని, గిన్నె కింద పెట్టాకే గమనించాను.

ఈ దారిలో ఉన్నవాళ్ళకి నాకు తెలిసిందింతే చెప్తాను. మందు ఇబ్బంది పెడితే మీ అంతట మీరు మానకండి, నాలా గడ్డిలో దాచకండి, ఇచ్చిన డాక్టరుకే చెప్పండి. ఆయన వినకపోతే ఇంకోసారి చెప్పండి, తోడు ఒక మనిషిని తీసుకెళ్ళి చెప్పండి. ఇంటివాళ్ళు మా నాన్నలా బిళ్ళ మింగి చూడనక్కర్లేదు, దయచేసి ఆ పని చెయ్యొద్దు. నమ్మితే చాలు. ఏ డాక్టరు ఏ మందులని అడిగినా అన్నీ చెప్పండి, బల్లమీద ఎవరు కూర్చున్నా సరే. మూడేళ్ళ తర్వాత బాబు పుట్టినప్పుడు ముందే డాక్టరుకి చెప్పుకుని, కాస్త మందుతో, కుండెడు నీళ్ళతో గట్టెక్కాను. ఇప్పటికీ అలసిపోతే నా కుడికాలు దానంతటది ఊగుతుంది. మా లలిత చెయ్యి వేసి ఆపుతుంది.

జూన్ మూడోవారం వచ్చింది. ఒక వాన పడింది. చెట్ల మీద ఆఖరి రసాలు నాలుగు మిగిలాయి, కొట్టంలో గడ్డి పాత వాసన వేస్తోంది. అత్తయ్యగారూ మా ఆయనా పొద్దుటి బస్సుకే దిగారు. పిల్ల బట్టలకని ఆవిడ ఖాళీ సంచి తెచ్చుకున్నారు. నాన్న ఏవేవో చెప్పబోయాడు. ఆవిడ "చూద్దాం అన్నయ్యగారూ" అన్నారంతే.

మంగమ్మ వేన్నీళ్ళు తెచ్చి, పీట వేసుకుని, కాళ్ళు చాపబోయింది.

"ఇవాళ నేను పోస్తాను మంగమ్మా" అన్నాను.

పందిరి కింద నేను పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైకి దోపి, రెండు కాళ్ళూ జోడించి చాపాను. మంగమ్మ పిల్లని తెచ్చి నా కాళ్ళ మీద పడుకోబెట్టింది. నూనె రాశాను. నలుగు పెట్టాను. బోర్లా తిప్పి వీపు రుద్దాను. అత్తయ్యగారు పిల్లని చూడలేదు, నా కాళ్ళనే చూశారు. నేనూ వాటినే చూశాను. లోపల ఎక్కడన్నా ఆ తొందర మొదలవుతుందేమోనని ప్రతి క్షణం వెతికాను. మంగమ్మ చెంబు తర్వాత చెంబు పోసింది. నీళ్ళు పిల్ల మీంచి, నా కాళ్ళ మీంచి, గచ్చు మీదికి పోతున్నాయి. తుడిచి, సాంబ్రాణి పొగ పట్టేసరికి వేన్నీళ్ళ హాయికి పిల్ల నా కాళ్ళ మీదే నిద్రపోయింది.

ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు. మా ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. "అమ్మా, తిరుగు బస్సు టైమవుతోంది. పిల్లని తీసుకోవా?"

అత్తయ్యగారు వంగి పిల్ల మొహం చూశారు. తర్వాత నా మొహం చూశారు.

"పోతే పోనీరా బస్సు. నిద్రపోయే పిల్లని తల్లి మీంచి తియ్యకూడదు" అన్నారు. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని, నా భుజం మీద చెయ్యి వేశారు. "సుగుణా, కాసేపు అలాగే ఉండమ్మా. కదలకు."

నేను కదల్లేదు.